రెక్కల మీద ఎర్ర చుక్క



అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మారుస్తున్నట్టు కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ప్రకటించింది. 1858లో ఖైదీల స్థావరంగా స్థిరపడ్డ ఊరికి పేరు మారడానికి 160 ఏళ్లకు పైగా పట్టిందన్నమాట. సైనిక విమానాల సంగతి వేరు. 1942కూ 1950కూ మధ్య, ఎనిమిదేళ్లలో, భారత వైమానిక దళం రెక్కల మీది గుర్తు కనీసం మూడుసార్లు మారింది. ఆ ఎనిమిదేళ్లలోనే మూడున్నరేళ్లపాటు ఈ ఊరి ఆకాశం పూర్తిగా పరాయి గుర్తు కింద గడిపింది. ఆ మార్పుల్లో మొదటిదానికి కారణం దేశభక్తి కాదు, రాజకీయం కూడా కాదు. ఒక రంగు. ఎరుపు.

విమానం రెక్కల మీద, పక్కల మీద కనిపించే గుండ్రటి ముద్రను వైమానిక దళంలో రౌండెల్ అంటారు. తోక మీద నిలువు చారలతో ఉండే చిన్న పట్టీ ఫిన్ ఫ్లాష్. చూసేవారికి ఇవి అలంకారంలా ఉంటాయి. నేల మీద తుపాకీ ఎక్కుపెట్టి నిలబడ్డ సిపాయికి మాత్రం అలా కాదు. తల మీదుగా దూసుకుపోయే విమానం మనదా, కాదా అన్నది అతను రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ రేవులో శ్రీకాకుళం, విశాఖ వైపుల నుంచి వచ్చి స్థిరపడ్డ మత్స్యకారులున్నారు. పడవ అల్లంత దూరాన ఉండగానే రంగు చూసి అది ఎవరిదో చెప్పేస్తారు. రౌండెల్ చేసే పనీ అదే. కాకపోతే ఇక్కడ తప్పు చెబితే ప్రాణం పోతుంది.

ఈ గుర్తు పుట్టుకే ఒక పొరపాటులోంచి వచ్చింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు బ్రిటిష్ విమానాల రెక్కల కింద యూనియన్ జాక్ జెండా వేసేవారు. ఎత్తున ఎగిరేటప్పుడు ఆ జెండాలోని శిలువ ఒక్కటే కిందివాళ్లకు కనిపించేది. జర్మన్ విమానాల మీద ఉన్నదీ శిలువే. ఫలితంగా బ్రిటిష్ సైనికులు తమ విమానాల మీద తామే కాల్పులు జరిపారు. ఫ్రెంచివాళ్లు అప్పటికి రెండేళ్ల ముందే, 1912లో, నీలం నడుమ, తెలుపు, చుట్టూ ఎరుపు ఉన్న వలయాలు వాడటం మొదలుపెట్టారు. బ్రిటన్ ఆ ఆలోచనను అరువు తెచ్చుకుని రంగుల వరస తిప్పేసింది. నీలం బయటికి పోయింది, ఎరుపు నడిమధ్యకు వచ్చింది. 1914 డిసెంబరులో తీసుకున్న ఆ నిర్ణయం ప్రభావం ఇరవై ఏడేళ్ల తర్వాత బంగాళాఖాతం మీద పడుతుందని ఎవరు ఊహిస్తారు!

భారత వైమానిక దళం 1932 అక్టోబరు 8న ఏర్పడింది. మొదటి స్క్వాడ్రన్ 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్‌లో నాలుగు వెస్ట్‌ల్యాండ్ వపిటీ విమానాలతో మొదలైంది. రెండంతస్తుల రెక్కలున్న, అప్పటికే పాతబడ్డ విమానాలవి. తొలి పైలట్లలో ఒకరైన సుబ్రతో ముఖర్జీ తర్వాతి కాలంలో వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. పైలట్లు భారతీయులైనా విమానాల మీద గుర్తు బ్రిటిష్ వాళ్లదే: ఎర్రటి నడుమ, తెల్లటి వలయం, బయట నీలం. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక తీరాన్ని కనిపెట్టుకుని ఉండటానికి కొన్ని చిన్న దళాలు ఏర్పాటు చేశారు. వాటిలో ఒకటి విశాఖపట్నంలో ఉండేది. దాని చేతికి వచ్చినవీ ఆ వపిటీలే.

1942 మార్చి 23న జపాన్ సేనలు పోర్ట్ బ్లెయిర్‌లో దిగాయి. ఎదురుకాల్పులు లేవు, ఉన్న కొద్దిపాటి సైన్యాన్ని బ్రిటిష్ వాళ్లు ముందే తరలించేశారు. కొద్ది రోజుల్లోనే కవానిషి ఫ్లయింగ్ బోట్లు, అంటే నీటి మీద దిగే పెద్ద గస్తీ విమానాలు, ఇక్కడి రేవులో లంగరు వేశాయి. వాటి రెక్కల మీద పెద్ద ఎర్రటి వృత్తం. జపాన్ భాషలో దాని పేరు హినోమారు, సూర్యబింబం. వలయాలు లేవు, చారలు లేవు, అక్షరాలు లేవు. గుర్తుగా చూస్తే అంతకంటే తేటగా ఏ దేశమూ వేసుకోలేదు. పిల్లవాడు కూడా ఒక్క గీతతో గీయగలడు. ఇబ్బంది జపాన్ వాళ్లకు కాదు, ఎదుటివాళ్లకు వచ్చింది.

ఆ నెలలో అండమాన్‌కూ బర్మాకూ వచ్చే జపాన్ ఓడలకు కాపలాగా ఉన్న నౌకల్లో ర్యూజో అనే విమానవాహక నౌక ఒకటి. ఏప్రిల్ 1న అది బర్మా నుంచి బయల్దేరి బంగాళాఖాతంలో సరకు ఓడల వేట మొదలుపెట్టింది. ఏప్రిల్ 6న దాని విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. నష్టం పెద్దది కాదు, భయం మాత్రం చెప్పలేనంత. ఊళ్లు ఖాళీ అయ్యాయి, సామాన్లు కట్టుకుని జనం లోపలి పల్లెలకు నడిచారు. తెలుగు తీరం మీద శత్రు విమానం రెక్కలపై ఎర్ర వృత్తం కనిపించిన రోజు అది. పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చే ఓడలకు కాపలా కాసిన నౌకే నెల తిరగకుండా విశాఖను తాకిందన్న సంగతి ఈ రెండు ఊళ్ల మధ్య ఇవాళ ఓడల్లో, విమానాల్లో తిరిగే తెలుగువాళ్లలో ఎంతమందికి తెలుసో! ఆ ర్యూజో అదే ఏడాది ఆగస్టులో సాలమన్ దీవుల దగ్గర మునిగిపోయింది.

అసలు చిక్కు ఇక్కడే. బ్రిటిష్ విమానం నడిమధ్య ఎర్ర చుక్క. జపాన్ విమానం మీద ఎర్ర వృత్తం. అడవి మీద, మబ్బుల మధ్య, ఎండ కళ్లలో పడుతుండగా, వేగంగా తిరిగే విమానం మీద కంటికి ముందు తగిలేది ఆ ఎరుపే. బయటి నీలం వలయం ముదురు పచ్చ, గోధుమ రంగుల మరుగుపూతలో కలిసిపోతుంది. అలాంటప్పుడు మనవాణ్ని శత్రువనుకోవడానికి అరక్షణం చాలు. పసిఫిక్‌లో అమెరికన్లకూ ఇదే తలనొప్పి. వాళ్ల తెల్ల నక్షత్రం నడుమ ఒక ఎర్ర బిళ్ల ఉండేది. పెరల్ హార్బర్ తర్వాత, 1942 మేలో, దాన్ని తీసేశారు. 1943లో నక్షత్రానికి తెల్లటి పట్టీలు చేర్చి చుట్టూ ఎర్రగీత గీశారు. కొన్ని నెలల్లోనే ఆ ఎర్రగీతను కూడా నీలంగా మార్చాల్సి వచ్చింది. ఒకసారి కాలిన చెయ్యి మళ్లీ అదే పొయ్యిలో పెట్టినట్టే అయింది.

భారత్, బర్మా రంగంలో మొదట చేసింది చాలా తేలికైన పని. బ్రష్షు తీసుకుని ఎర్ర నడుమ మీద తెల్లరంగు పూశారు. నీలం వలయంలో తెల్లటి నడుమ మిగిలింది. ఆ తెలుపు దూరానికి మరీ మెరిసి విమానాన్ని పట్టిస్తోందని తర్వాత తెలిసింది. నీలం రంగులోనే కాస్త తెలుపు కలిపి లేత నీలం తయారుచేసి నడుమ పూశారు. అలా ముదురు నీలం చుట్టూ, లేత నీలం లోపల ఉన్న రౌండెల్ వచ్చింది. 1943లో మౌంట్‌బాటన్ అధిపతిగా ఆగ్నేయాసియా కమాండ్ ఏర్పడ్డాక దాని పేరుతోనే ఆ గుర్తు చరిత్రలో నిలిచింది. పరిమాణం కూడా తగ్గించారు. గుర్తు చిన్నదైతే శత్రువు కంట పడదు, కానీ మనవాడికీ కనపడదు. ఆ లోటు తీర్చడానికి ఒంటి ఇంజను ఫైటర్ల రెక్కలకు, తోకకు వెడల్పాటి తెల్లటి పట్టీలు కట్టినట్టు వేశారు. జపాన్ వాళ్లూ ఇదే బాధ పడి రెక్కల ముందంచుకు పసుపు పట్టీ పూసుకున్నారు. ఇరుపక్షాలూ దాక్కోవాలి, ఇరుపక్షాలూ తమవాళ్లకు కనిపించాలి. ఈ రెండు కోరికలకు పొంతన కుదరదు. సైనిక విమానాల గుర్తుల చరిత్ర అంతా ఆ పేచీయే.

భారత వైమానిక దళం తన పేరు నిలబెట్టుకున్నది ఈ నీలిరంగు గుర్తు కిందే. ఇంఫాల్ ముట్టడిలో హరికేన్‌లు నడిపిన మొదటి స్క్వాడ్రన్‌కు నాయకుడు అర్జన్ సింగ్. 1944లో ఆయనకు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం దక్కింది. అరకాన్ అడవుల మీద వెంజెన్స్ డైవ్ బాంబర్లతో దాడులు చేసిన దళాలవీ అవే రెండు నీలాలు. 1945 మార్చిలో దళం పేరు ముందు 'రాయల్' చేరింది. అంటే పేరులో రాజుగారు ప్రవేశించే నాటికి రెక్క మీద రాజుగారి ఎరుపు లేదు!

ఇక్కడ హైదరాబాదు కథ ఒకటి చెప్పుకోకపోతే తెలుగు శ్రోతలకు అన్యాయం జరుగుతుంది. 1918లో బ్రిటన్‌లో 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లు కొనిపెట్టింది నిజాం ప్రభువు. అది నిజాం కానుక అని ప్రతి విమానం మీదా రాసి ఉండేది. జాతీయ గుర్తు పక్కనే దాత పేరు. అప్పటి నుంచి ఆ దళం పేరు 110 హైదరాబాద్ స్క్వాడ్రన్. ఆ విమానాలు జర్మనీ మీద పగటిపూట దాడులకు వెళ్లాయి, చాలా తిరిగి రాలేదు. జర్మన్ల చేతికి చిక్కిన ఒకటి బెర్లిన్ మ్యూజియానికి చేరింది, రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్‌కు తరలింది, 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను బదులిచ్చి బ్రిటన్ దాన్ని వెనక్కి తెచ్చుకుంది. లండన్ దగ్గర హెండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో దాన్ని నేటికీ చూడవచ్చు.

రెండో యుద్ధంలో 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ వచ్చింది. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. స్పిట్‌ఫైర్‌లతో బ్రిటన్ గగనతల పోరాటంలో పాల్గొని, 1943 చివర్లో బర్మా రంగానికి చేరింది. అక్కడ ఆ దళం తన విమానాల పక్కన ఉన్న నీలి రౌండెల్ మీదుగా లంఘిస్తున్న నల్లటి చిరుతపులి బొమ్మ వేసుకుంది. గుర్తు మీద గుర్తు! నియమాల పుస్తకం ఒప్పుకునే పని కాదది. అడవిలో, అధికారుల కంటికి దూరంగా, ఎండకు ఎండి వానకు తడిసే దళాలకు కొన్ని స్వేచ్ఛలు దొరుకుతాయి. పాత ఫొటోల్లో ఆ చిరుతను చూసినవారెవరూ దాన్ని మరిచిపోరు.

మళ్లీ పోర్ట్ బ్లెయిర్‌కు వద్దాం. జపాన్ పాలనలో లంబాలైన్ దగ్గర విమానాల రన్‌వే తయారైంది. ఆ పనికి స్థానికులను బలవంతంగా తోలారు. కార్ నికోబార్‌లో రన్‌వే వేసిందీ నికోబారీల వెట్టిచాకిరీతోనే. ఆకాశంలో బ్రిటిష్ విమానం కనిపించినప్పుడల్లా కింద ఎవరో సైగలు చేస్తున్నారన్న అనుమానం పాలకులకు పెరిగేది. గూఢచారులన్న ముద్ర వేసి జనాన్ని సెల్యులర్ జైల్లో చిత్రహింసలు పెట్టారు. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్ దగ్గర 44 మందిని కాల్చి చంపారు. ఏ విమానం ఎవరిది అన్న ప్రశ్న ఈ ఊరివాళ్లకు ఆ రోజుల్లో కాలక్షేపం కాదు.

ఆ ఘోరానికి సరిగ్గా నెల ముందు సుభాష్ చంద్రబోస్ ఇక్కడికి వచ్చారు. 1943 డిసెంబరు 29న ఆయన విమానం పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది. మరుసటి రోజు జింఖానా మైదానంలో త్రివర్ణ పతాకం ఎగరేశారు, ఈ దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారు. ఆయన ఆజాద్ హింద్ ప్రభుత్వానికి సైన్యం ఉంది, జెండా ఉంది, సొంత వైమానిక దళం లేదు. అందువల్ల స్వతంత్ర భారత ప్రభుత్వ అధినేతగా నేతాజీ ఈ నేల మీద కాలుపెట్టింది జపాన్ విమానంలోంచి. కింద మన మూడు రంగులు, పైన వాళ్ల ఎరుపు. ఆ రోజుల రాజకీయమంతా ఆ దృశ్యంలో ఉంది.

యుద్ధం ముగింపులో ఆ ఎరుపుకు ఏమైందో కూడా చూడాలి. 1945 ఆగస్టు 19న జపాన్ ప్రతినిధులు లొంగుబాటు షరతులు మాట్లాడటానికి రెండు బాంబర్లలో ఇయెషిమా ద్వీపానికి బయల్దేరారు. విమానాలకు పూర్తిగా తెల్లరంగు పూయాలి, సూర్యబింబం ఉన్నచోట ఆకుపచ్చ శిలువ వేయాలి అని అమెరికన్ల ఆజ్ఞ. ఆ రంగులతోనే వాళ్లు వెళ్లారు. పోర్ట్ బ్లెయిర్‌లో లొంగుబాటు అక్టోబరులో, నేతాజీ జెండా ఎగరేసిన అదే జింఖానా మైదానంలో జరిగింది. మరికొద్ది నెలలకు, 1946లో, భారత వైమానిక దళం నాలుగో స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్‌లతో జపాన్‌లోని మిహోలో కాపలాకు దిగింది. నాలుగేళ్లలో కథ అంతలా తిరగబడింది.

1947 ఆగస్టు వచ్చింది. ఒకే దళం రెండుగా చీలింది. టెంపెస్ట్ ఫైటర్లు, డకోటా రవాణా విమానాలు రెండు దేశాలకూ పంపకమయ్యాయి. నిన్నటిదాకా ఒకే మెస్సులో తిన్న పైలట్లు, ఒకే రకం విమానాలు. గుర్తులు వేరు కాకపోతే గుర్తుపట్టే దారి లేదు. పాకిస్తాన్ ఆకుపచ్చ, తెలుపు తీసుకుంది. భారత్ అశోకచక్రాన్ని ఎంచుకుంది: తెల్లటి వృత్తంలో నీలి చక్రం. పేరులో 'రాయల్' ఇంకా ఉంది, ఎందుకంటే దేశం అప్పటికి గణతంత్రం కాలేదు. చక్రం చూడముచ్చటగానే ఉంటుంది గానీ రౌండెల్‌గా దానికొక లోపం ఉంది. 24 ఆకుల చక్రం దూరానికి నీలిమచ్చలా అలుక్కుపోతుంది. పైగా ఎప్పటికప్పుడు దాన్ని సరిగ్గా గీయాలంటే గ్రౌండ్ సిబ్బందికి శ్రమ. వృత్తాలైతే ఒక తాడు, ఒక మేకు చాలు.

1950 జనవరి 26తో 'రాయల్' పోయింది, చక్రం కూడా పోయింది. ఇప్పుడు మనం చూసే రౌండెల్ వచ్చింది: నడుమ కాషాయం, దాని చుట్టూ తెలుపు, బయట ఆకుపచ్చ. తోక మీద అవే మూడు రంగుల నిలువు చారలు. బ్రిటిష్ నమూనాలోని మూడు వలయాల చట్రం అలాగే ఉంచి రంగులు మాత్రం మార్చారు.

ఆ రంగుల వెనక ఇద్దరు కృష్ణా జిల్లా మనుషులున్నారు. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో గాంధీజీకి చూపించిన జెండాలో ఎరుపు, ఆకుపచ్చ ఉన్నాయి. గాంధీజీ తెలుపు చేర్చమన్నారు. పదేళ్ల తర్వాత, 1931లో, జెండా రంగులు తేల్చడానికి కాంగ్రెస్ ఒక సంఘం వేసింది. బందరు డాక్టరుగారు భోగరాజు పట్టాభి సీతారామయ్య అందులో సభ్యులు. ఆ సంఘం మొత్తం జెండా కాషాయమే ఉండాలని సిఫారసు చేసింది. కాంగ్రెస్ కమిటీ ఒప్పుకోలేదు. ఎరుపు స్థానంలో కాషాయం పెట్టి, పైన కాషాయం, నడుమ తెలుపు, కింద ఆకుపచ్చ అని ఖాయం చేసింది. 1931లో ఆ ఎరుపు అలాగే ఉండిపోయి ఉంటే 1950 రౌండెల్ నడుమ మళ్లీ ఎర్ర చుక్కే వచ్చేది. ఇది ఊహ మాత్రమే, కానీ తమాషా అయిన ఊహ.

గమనించదగ్గ మాట ఇంకొకటి. విమానాల మీద బ్రిటిష్ గుర్తు 1947తోనే పోయింది. ఓడల మీద మాత్రం పోలేదు. నౌకాదళ పతాకంలో సెయింట్ జార్జ్ ఎర్ర శిలువ 2001 దాకా ఉంది, ఆ ఏడాది తీసేశారు, 2004లో మళ్లీ పెట్టారు, చివరికి 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో కొత్త విక్రాంత్ నౌకాదళంలో చేరిన వేడుకలో పూర్తిగా సెలవు పలికారు. అంటే యాభై ఏళ్లకు పైగా మన విమానవాహక నౌక జెండాకొయ్య మీద ఇంగ్లండు శిలువ, దాని డెక్కు మీది విమానాలకు భారత త్రివర్ణం. నౌకాదళాలకు ఆనవాయితీ మీద ఉండే మమకారం అలాంటిది.

1971లో ఆ రెండు గుర్తులూ కలిసి అండమాన్‌కే వచ్చాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పాత విక్రాంత్‌ను వేటాడుతూ విశాఖ బయట కాచుకుని ఉంటే, విక్రాంత్ ఉత్తర అండమాన్‌లోని పోర్ట్ కార్న్‌వాలిస్ అనే ఏకాంతమైన ఖాతంలో దాక్కుంది. ఘాజీ విశాఖ దగ్గరే సముద్రం పాలైంది. డిసెంబరు 4న విక్రాంత్ డెక్కు మీది నుంచి సీ హాక్ విమానాలు లేచి కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. ఆ సీ హాక్‌ల దళం చిహ్నం తెల్లపులి. రెక్కల మీద వైమానిక దళంవే మూడు వలయాలు. నౌకాదళానికి వేరే రౌండెల్ లేదు, ఇప్పటికీ అంతే.

ప్రపంచంలో రౌండెల్ గురించి పట్టింపు ఎక్కువగా ఉన్న దేశాల్లో స్వీడన్ ఒకటి. నీలి వృత్తంలో మూడు పసుపు కిరీటాలు, చుట్టూ పసుపు అంచు. 1937 నుంచి ఇదే నడుస్తోంది. మధ్యయుగాల నుంచి వస్తున్న రాజచిహ్నాన్ని యుద్ధవిమానం మీదికి ఎక్కించారు. గీయడం కష్టమైనా వదల్లేదు. స్వీడన్ ప్రభువు ఎరిక్ వాన్ రోసెన్ 1918 మార్చిలో పొరుగు దేశం ఫిన్లాండ్‌కు ఒక విమానం కానుకగా పంపారు. రెక్కల మీద తన సొంత శుభచిహ్నంగా నీలి స్వస్తిక్ వేయించారు. ఫిన్లాండ్ దాన్నే జాతీయ గుర్తు చేసుకుంది. అప్పటికి నాజీ పార్టీ పుట్టలేదు. అయినా 1945లో ఫిన్లాండ్ దాన్ని తీసేసి నీలం, తెలుపు వలయాలకు మారక తప్పలేదు. మన ఎర్ర చుక్క కథే ఇది, వేరే రూపంలో. మనం వేసుకున్న గుర్తుకు అర్థం మన చేతిలో ఉండదు. పక్కవాడు దాన్ని ఏం చేస్తాడో దాన్ని బట్టి ఉంటుంది.

స్వీడన్‌కూ మనకూ ఆకాశంలో ఒకసారి చుట్టరికం కలిసింది. 1961లో కాంగోలో ఐక్యరాజ్య సమితి సేనకు స్వీడన్ జే-29 జెట్లు పంపింది. భారత్ ఐదో స్క్వాడ్రన్ కాన్‌బెర్రా బాంబర్లు పంపింది. స్వీడన్ విమానాలు అక్కడ ఎగిరింది సమితి గుర్తులతో. రాజుగారి మూడు కిరీటాలు సమితి ముందు తలవంచాయి.

ఇక నేటి సంగతి. లంబాలైన్ రన్‌వే ఇప్పుడు నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ ఉత్క్రోష్‌దీ, వీర్ సావర్కర్ అంతర్జాతీయ విమానాశ్రయానిదీ కూడా. మూడు దళాల ఉమ్మడి కమాండ్ 2001లో దేశంలోనే మొదటిసారిగా ఇక్కడే ఏర్పడింది. అందుకే ఒకే రన్‌వే మీద నౌకాదళం బూడిదరంగు డార్నియర్, కోస్ట్ గార్డ్ తెల్ల డార్నియర్, వైమానిక దళం రవాణా విమానాలు, హెలికాప్టర్లు దిగుతాయి. విమానం రకం ఒకటే అయినా ఏది ఎవరిదో రంగు, తోక మీది అక్షరాలు చెబుతాయి. నౌకాదళం నంబరు ఐఎన్‌తో, కోస్ట్ గార్డ్ నంబరు సీజీతో మొదలవుతాయి. వాటి పక్కనే చెన్నై, విశాఖ, కోల్‌కతా ప్రయాణికులతో దిగే పౌర విమానాలకు వీటీ అక్షరాలు.

2004 డిసెంబరు 26 సునామీలో కార్ నికోబార్ వైమానిక స్థావరం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. దళం సిబ్బంది, వారి కుటుంబాలవారు కలిపి వందమందికి పైగా చనిపోయారు. దెబ్బతిన్న ఆ రన్‌వే మీదే సహాయ విమానాలు దిగాయి. దీవుల్లో ఆ రోజుల్ని చూసినవాళ్లకు కాషాయం నడుమ ఉన్న ఆ వలయాలు యుద్ధం గుర్తు కాదు. మంచినీళ్లు, మందులు, బయటికి తీసుకుపోయే చోటు.

ఇంతటి రాడార్ల కాలంలో రంగుల గుర్తు ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. క్షిపణికి కళ్లు లేవు, అది రౌండెల్ చూడదు. రెండో ప్రపంచ యుద్ధంలోనే విమానం తనంతట తాను 'నేను మీవాణ్ని' అని రేడియో సంకేతం పంపే ఐఎఫ్ఎఫ్ అనే పరికరం వచ్చింది. ఇప్పుడు గుర్తింపు భారమంతా దానిమీదే. అదీ ఒక్కోసారి కాపాడదు. 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బడ్గాం దగ్గర మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను కూల్చింది మన క్షిపణేనని విచారణలో తేలింది. అందులో ఉన్న ఆరుగురు వైమానిక దళంవాళ్లు, నేల మీద ఒక పౌరుడు మరణించారు. వైమానిక దళాధిపతి అది పెద్ద తప్పేనని బహిరంగంగా ఒప్పుకున్నారు. 1939 సెప్టెంబరు 6న ఇంగ్లండులో స్పిట్‌ఫైర్‌లు సొంత హరికేన్‌లను కూల్చినప్పుడు రెండు వైపులా రౌండెల్‌లు స్పష్టంగా ఉన్నాయి. తప్పు రంగుది కాదు, తొందరది.

అందుకే ఇవాళ చాలా దేశాలు జాతీయ గుర్తును బూడిదరంగులోకి, అరచేతి సైజులోకి కుదించేశాయి. అమెరికా నక్షత్రం బూడిదలో బూడిదగా కలిసిపోయింది. భారత్ ఇంకా అంతదూరం పోలేదు, కాషాయం, ఆకుపచ్చ కంటికి ఆనుతూనే ఉన్నాయి. 2023 అక్టోబరు 8న ప్రయాగ్‌రాజ్‌లో వైమానిక దళం తన పతాకాన్ని మార్చి దళచిహ్నాన్ని చేర్చినప్పుడు కూడా రౌండెల్ జోలికి పోలేదు. 1950 నుంచి మార్పు లేకుండా నిలిచిన గుర్తు అది. అది మంచి నిర్ణయమే.

చివరగా శ్రోతలకు ఒక విన్నపం. ఈ దీవుల్లోనూ, విశాఖ, కాకినాడ తీరాల్లోనూ పాత ఇళ్ల ట్రంకుపెట్టెల్లో విమానాల ఫొటోలుంటాయి. తాతగారు సైన్యంలో పనిచేసినప్పటివో, రేవులో తీయించుకున్నవో. వెనక తేదీ ఉండదు. రెక్కను చూడండి. ఫొటో నలుపు తెలుపే అయినా పనికొస్తుంది. మూడు వలయాలుండి మధ్య చుక్క ముదురుగా కనిపిస్తే 1942కు ముందుది కావచ్చు. ముదురు వలయం లోపల లేత నడుమ ఉంటే 1942 నుంచి యుద్ధం ముగిసేదాకా. చక్రం ఆకులు కనిపిస్తే 1947కూ 1950కూ మధ్య. తెల్లటి వలయంతో మళ్లీ మూడు వరసలుండి, విమానం జెట్ అయితే అది 1950 తర్వాతదే. వలయాలే లేకుండా ఒంటరి ముదురు వృత్తం ఉంటే అది జపాన్ విమానం. ఆదేశం వచ్చిన రోజే అన్ని విమానాలకూ రంగు మారదు కాబట్టి కొన్ని నెలలు అటూ ఇటూ వేసుకోండి. తేలిన సంవత్సరాన్ని, ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లను ఫొటో వెనక పెన్సిలుతో రాసిపెట్టండి. పెన్ను వాడకండి, సిరా ముందువైపుకు ఊరుతుంది.